గేటు ముందు కప్పతల్లి

నానక్‌రాంగూడ,
జూన్, మొదటి వాన పడిన వారం

చెల్లె మల్లమ్మకు,

అన్న సాయిలు రాస్తున్నాను. నువ్వు బాగానే ఉన్నావని అనుకొని మొదలుపెడుతున్నాను. బాగాలేకపోతే తిరిగి రాయి. ఫోన్‌లో నీకు వినపడదు. నేను అరిస్తే పక్క సైటు కూలీలు కొట్లాట అనుకొని పరుగెత్తుకొస్తున్నారు. అందుకే ఈ కాగితం. అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వకు. రాత్రి బడిలో నీ పక్కన కూర్చొని నేర్చుకున్నవే ఇవి.

నీ కొడుకు అజయ్ పెట్టించిన కాపలా పని బాగుంది. చుట్టూ అద్దాల మేడలు. నడుమ గోడ కట్టిన ఖాళీ జాగా, అందులో ఒక కుంట. జాగా ఎవరో కంపెనీ వాళ్లది. గేటు నాది. గేటు పక్కన రేకుల గది, అదీ నాదే.

శనివారం సాయంత్రం ఒక పిల్ల పదిమందిని వెంటేసుకొని వచ్చింది. అందరి చేతుల్లో టార్చిలు.

“తాతగారూ, కాస్త గేటు తీస్తారా అండి? కప్పల్ని చూసి వెళ్లిపోతాం.”

“కప్పలా? మీ ఇంట్ల టీవీ లేదా?”

“ఉందండి. అందులో కప్పలు రావు.”

ఆ మాటకు నవ్వు వచ్చింది కానీ చూపించలేదు. గేటు తీశాను.

ఆమె పేరు ప్రియదర్శిని. కాకినాడ పిల్ల, ఇక్కడ కంప్యూటర్ ఆఫీసులో పని. వానాకాలంలో శనివారం శనివారం జనాన్ని తీసుకొని కుంటల వెంట తిరుగుతుంది. కప్పలు ఎట్లా బతుకుతాయి, వాటి జాగా ఎందుకు కాపాడాలి అని చెప్తుంది. దీన్ని ‘నడక’ అంటారట. నేను పుట్టినప్పటి నుంచి నడుస్తున్నాను, ఒక్కరూ నా వెంట రాలేదు.

బోదురుకప్పలు పసుపు పూసుకున్న పెళ్లికొడుకుల్లా నీళ్లలో కూర్చొని మోత పెడుతున్నాయి. మెడలో కార్డు వేసుకున్న ఒకడు, “ఇవి నిజమైనవేనా?” అని అడిగాడు. కొమ్మకు తెల్లగా నురుగు వేలాడుతుంటే ఎవరో సబ్బునీళ్లు పారబోశారనుకున్నాను. అది చెట్టుకప్ప గుడ్లు పెట్టిన గూడు అని ఆ పిల్ల చెప్పింది. ఎండాకాలమంతా ఇదే మట్టి కింద దాక్కొని, వాన చప్పుడుకు పైకి వచ్చే కప్పలు కూడా ఉన్నాయట.

నేను వెంట లేకపోతే ఒకరిద్దరు నీళ్లలో పడేవారు. అందుకే వెంట ఉన్నాను. వచ్చే శనివారం కూడా అందుకే ఉంటాను.

నీ అన్న,
సాయిలు


ఎర్రగుంటపల్లి, మెదక్ జిల్లా,
జూలై

అన్నకు,

నీ అక్షరాలు గొర్రెల మంద లాగా ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. అయినా చదివాను.

ఇక్కడ ఆ ఒక్క వానే వాన. పత్తి మొలిచింది, ఎండుతోంది. ఇట్లాగే ఉంటే వాన కోసం కప్పతల్లిని ఎత్తాలని ఆడవాళ్లం అనుకుంటున్నాం.

కప్పలను చూడడానికి మనుషులు గుంపులు కట్టి పోతారా? మన ఇంట్లో నీళ్ల గోళెం కింద ఎప్పుడూ ఒకటి కూర్చొని ఉంటుంది. బస్సులో పంపమంటావా?

ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. తెచ్చుకున్నా చెప్తాను. చేసిన ప్రతి పనీ నోటితోనే పోగొట్టుకున్నావు. కాలువ పనిలో ఇంజినీరును తిట్టావు. అపార్ట్‌మెంటులో సెక్రటరీ కుక్కను కుక్క అన్నావు. ఈసారి అజయ్ తన మాట మీద నిన్ను పెట్టించాడు. వాడు గార్డుల మీద సూపర్‌వైజర్ అయి ఇంకా ఏడాది కాలేదు. గేటు మూసి ఉంచడం నీ పని. మూసి ఉంచు.

మల్లమ్మ


నానక్‌రాంగూడ,
జూలై చివర

చెల్లె,

సెక్రటరీ కుక్కను కుక్క అన్న మాట నిజమే. అది కుక్కే.

ఇక్కడ ఒక సంగతి జరిగింది. నేను తప్పు చేశానని అనుకోకు. నాకు తెలియదు, అంతే. మనం ముదిరాజులం. చేప లేని నీళ్లు చూస్తే నాకు ముద్ద దిగదు. కుంట అన్నాక దానికి ఒక మర్యాద ఉండాలని, ప్రగతి నగర్ చెరువు దగ్గర మనవాళ్లను అడిగి కొర్రమట్ట పిల్లలను బిందెలో తెచ్చి వదిలాను. శనివారం ఆ పిల్ల రాగానే అందరి ముందు గొప్పగా చెప్పాను. ఆమె ముఖం మాడిపోయింది.

“తాతగారూ, అవి తోకకప్పల్ని తినేస్తాయండి!”

“తినక చూస్త కూసుంటయా?”

“చేపలు లేవు కాబట్టే కప్పలు ఇక్కడికొచ్చి గుడ్లు పెడతాయండి. వాటికి ఎండాకాలం ఎండిపోయే కుంటే కావాలి. ఎండిన కుంటలో చేప ఉండదు కదా.”

“చేప లేని నీళ్లు దేనికి పనికొస్తయ్ బిడ్డా?”

“కప్పలకి పనికొస్తాయండి!”

నేను తగ్గలేదు, ఆమె తగ్గలేదు. జనం కప్పలను వదిలి మా కొట్లాట చూశారు. వాళ్లు పోయాక ఒడ్డున కూర్చొని చూశాను. చిటికెన వేలంత లేని కొర్రమట్ట పిల్ల తోకకప్పను నోట పట్టుకొని లోపలికి పోయింది. తర్వాత ఇంకొకటి.

తెల్లారి వల తెచ్చి నేనే పట్టడం మొదలుపెట్టాను. ప్రియదర్శిని ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చి బకెట్ పట్టుకొని నిలబడింది. “అందరి ముందూ అరిచాను, ఏమీ అనుకోకండి” అంది. బకెట్ నిటారుగా పట్టుకోమన్నాను. సాయంత్రానికి అన్నీ పట్టేశాం.

నిన్న కంపెనీ మేనేజరు పార్థసారథి కారులో వచ్చాడు. దిగలేదు, అద్దం మాత్రం దించాడు. కుంటను పూడ్చి కార్లు నిలబెట్టే జాగా చేస్తారట.

“ఆ కప్పల బ్యాచ్‌ని ఇక రానివ్వకు. ఫోటోలు తీసి ఊరంతా పంపుతున్నారు. గేటుకి తాళం వెయ్యి.”

“తోకకప్పలకు ఇంక కాళ్లు రాలే సారూ. నీళ్లు పోతే అన్నీ సస్తయ్. పెద్దయి కూడ వచ్చే ఏడు మళ్ల ఇక్కడికే వస్తయ్. కార్ల కింద నుంచి ఎట్ల వస్తయ్?”

అతను నవ్వి అద్దం ఎత్తేశాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. శనివారం గేటు తీస్తాను.

సాయిలు


ఎర్రగుంటపల్లి,
ఆగస్టు

అన్నా,

గేటు తీయకు.

అజయ్ ఆదివారం వచ్చాడు. నీ గురించి ఏమీ అనలేదు. తిన్నాడు, పడుకున్నాడు, సాయంత్రం బస్సు ఎక్కాడు. వాడు తిడితే నాకు భయం లేదు. ఏమీ అనకపోతేనే భయం.

కుంట మనది కాదు. కర్ర మనది కాదు, టోపీ మనది కాదు. నాదే నాదే అని నువ్వు రాసినంత మాత్రాన గది కూడా నీది కాదు. పూడ్చేవాళ్లు పూడుస్తారు. ఆ కప్పలు నీకు ఏమవుతాయి? ఇక్కడ నీ చెల్లె ఉంది, అక్కడ నీ మేనల్లుడు ఉన్నాడు. జర మమ్మల్ని కూడా చూడు.

మల్లమ్మ


బోరబండ,
ఆగస్టు

చెల్లె,

ఈ ఉత్తరం బోరబండ నుంచి రాస్తున్నాను. నానక్‌రాంగూడలో గాలి సరిగా లేదు. ఇక్కడ మన ఊరి మేస్త్రీ స్వామి ఇంట్లో ఉంటున్నాను. గాలి బాగుంది. రైలు కూత కూడా వస్తుంది.

ఆ పని నేనే వదిలేశాను. కర్ర, టోపీ, ఈల అన్నీ ఇచ్చేశాను. ఈల ఎప్పుడూ సరిగా మోగలేదు.

కప్పలు నాకు ఏమవుతాయని అడిగావు. ఏమీ కావు. ఆ మేనేజరు కూడా నాకు ఏమీ కాడు. ఇద్దరిలో ఎవరి మాట వినాలో నేనే చూసుకున్నాను.

చెప్పినట్టే శనివారం గేటు తీశాను. ఎప్పటికంటే ఎక్కువ మంది వచ్చారు. నేను ముందు నడిచాను. టార్చి నీళ్ల మీదికి కొట్టిన ప్రతివాడినీ తిట్టాను. పెద్ద పెద్ద జీతాలవాళ్లు మాట్లాడకుండా తిట్లు తిన్నారు. ఒకడు సారీ అంకుల్ అన్నాడు, అంకుల్ అన్నందుకు వాడిని ఇంకొకసారి తిట్టాను.

తర్వాత తాళం పడింది. ఇప్పుడు శనివారాలు గోడ బయట నిలబడుతున్నాం. మోత వినపడుతుంది, ఏమీ కనపడదు. కనపడకపోతే కొత్తవాళ్లు రారు. రాకపోతే పూడ్చేటప్పుడు అడిగేవాడు ఉండడు. ప్రియదర్శిని పరేషాన్ అవుతోంది. నేను కావడం లేదు.

అజయ్‌ను ఈ మధ్య చూడలేదు.

సాయిలు


ఎర్రగుంటపల్లి,
ఆగస్టు చివర

అన్నా,

గాలి బాగుందా? అబద్ధం రాసేటప్పుడు నీ అక్షరాలు ఇంకా పెద్దవి అవుతాయి.

అజయ్ అంతా చెప్పాడు. తాళంచెవి తీసుకురమ్మని కంపెనీ వాళ్లు పంపింది వాడినే. మేనమామ చేతిలో నుంచి గుంజుకోలేక పొద్దుగూకేదాకా గేటు దగ్గర నిలబడ్డాడట. నువ్వు తాళంచెవి వాడి కాళ్ల దగ్గర విసిరి, ‘నాకు అల్లుడే లేడు, ఇగ పో’ అన్నావట. వాడు ఏడ్చాడు అన్నా. బిడ్డల తండ్రి, నా ముందు కూర్చొని ఏడ్చాడు. ఇప్పుడు కొత్త మనిషి దొరికేదాకా ఆ గేటు దగ్గర వాడినే నిలబెట్టారు. నీకు సిగ్గు లేదు. రాదని కూడా నాకు తెలుసు.

ఇంటికి రా. ఇక్కడ కూడా గాలి ఉంది.

వానలు లేక మొన్న కప్పతల్లిని ఎత్తాం. రోకలికి వేపాకు కట్టి, నడుమ కప్పను పెట్టి, భుజాల మీద మోసుకొని ఇల్లిల్లూ తిరిగాం. గట్టు తగాదా నుంచి మనతో మాటలు లేని సర్పంచమ్మ ఇంటి ముందు కూడా ఆగాం. ఆమె తలుపు సందు నుంచి చూసింది. నీళ్లు పోసేదాకా కప్పతల్లి గడప ముందు నుంచి కదలదు కదా, పగవాళ్లయినా తలుపు తీసి బయటికి రావాల్సిందే. బిందె పట్టుకొని వచ్చింది, పోసింది, పోయింది. మాట మాత్రం కలపలేదు. నీకంటే ఆమె నయం, నీళ్లయినా పోసింది.

మల్లమ్మ


బోరబండ,
సెప్టెంబరు

చెల్లె,

నీ ఉత్తరం స్వామి ఇంట్లో అందరికీ గట్టిగా చదివి వినిపించాను. నన్ను తిట్టిన చోట్లు వదిలేశాను. కప్పతల్లి దగ్గరికి వచ్చాక ఆగి మళ్లీ చదివాను. స్వామి పెళ్లాం జ్యోతి కుంట ఎదురు టవర్లలో హౌస్‌కీపింగ్ చేస్తుంది. నా ముఖం చూసింది.

“ఏంది పెద్దయ్యా, ఆ కంపెనీ గేటు ముంగట నిలబెడ్తవా కప్పతల్లిని?”

“నిలబెడ్త.”

శనివారం మట్టి లారీలు వస్తున్నాయని ఆమే విని వచ్చింది. ఆ రోజే ఎత్తాలనుకున్నాం. ప్రియదర్శిని మాత్రం అడ్డం పడింది.

“కప్పని కట్టనివ్వనండి. అది చర్మంతోనే నీళ్లు తాగుతుంది. ఎండలో తిప్పితే చచ్చిపోతుంది.”

“మా తాతలు కట్టిండ్రు, వాళ్ల తాతలు కట్టిండ్రు.”

“అప్పుడు కప్పలు బోలెడండి. ఇప్పుడు మనం కాపాడాలని తిరుగుతున్నవే ఇవి!”

చివరికి వినాయకులను చేసేవాళ్ల దగ్గర మట్టి అడిగి తెచ్చి నేనే కప్పను చేశాను. బర్రెలాగా ఉందని జ్యోతి అంది. నువ్వు చెయ్యి అన్నాను, చేయలేదు. రోకలి దొరకలేదు. స్వామి సెంట్రింగ్ కర్ర తెచ్చాడు. వేపాకు రోడ్డు నడుమ చెట్టుది.

బస్తీ ఆడవాళ్లు, నడకకు వచ్చే ఆఫీసు జనం, డప్పు, అందరం బయలుదేరాం. ముందు టవర్ల గేటు. అక్కడి గార్డు సిద్దిపేట పిల్లగాడు.

“ఎవరి ఫ్లాటుకు పెద్దయ్యా? యాప్‌ల పేరెక్కాలె.”

“కప్పతల్లి అని ఎక్కియ్యి.”

“ఫ్లాట్ నంబరు?”

“అన్నీ.”

వాడు నవ్వి ఫోన్ జేబులో పెట్టాడు. తన నీళ్ల క్యాను తెచ్చి గేటు బయటికి వచ్చి పోశాడు. తర్వాత గేటు పూర్తిగా తెరిచాడు. లోపల హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు బకెట్లతో వచ్చారు, డ్రైవర్లు వచ్చారు. కనకలక్ష్మి గారని గుంటూరు ఆమె లిఫ్టు దిగి వచ్చి, “చిన్నప్పుడు మా ఊళ్లోనూ తిప్పేవాళ్లండీ!” అని ఫిల్టరు నీళ్ల సీసా మొత్తం ఒంపేసింది. ఎక్కడికి పోతున్నామో, ఎందుకు పోతున్నామో ప్రియదర్శిని చెప్పింది. కనకలక్ష్మి గారు ఇంటి చెప్పులతోనే మా వెంట వచ్చింది. ఇంకా చాలామంది వచ్చారు.

కుంట గేటు దగ్గర లారీలు వరసగా ఆగి ఉన్నాయి. గేటు లోపల అజయ్. మేము కర్రను భుజాల మీద పెట్టుకొని ఎదురుగా నిలబడ్డాం.

“మామా, మిమ్ముల రానియ్యొద్దని చెప్పిండ్రు. నా నౌకరి పోతది.”

“రానియ్యమని ఎవడన్నడు? నీళ్లు పొయ్యి.”

వాడు సీసా తీసి కటకటాల సందులోంచి చెయ్యి చాపాడు.

“సందులకెల్లి పోస్తరారా? మీ అమ్మ గట్లనే నేర్పిందా?”

డప్పు ఆగింది. వాడు నా ముఖంలోకి చూశాడు. తాళంచెవి విసిరిన రోజు తర్వాత ఇదే చూడడం. నేను ముఖం తిప్పుకోలేదు. వాడు వెనక్కి తిరిగి కుంట దాకా పోయాడు, బకెట్ ముంచుకొని వచ్చాడు, తాళం తీశాడు, గేటు దాటి బయటికి వచ్చి కప్పతల్లి మీద పోశాడు. మిగిలిన సగం నా తల మీద పోశాడు. కావాలనే పోశాడు.

తర్వాత గేటు మూయలేదు. తీసినవాడు వాడే, మూయనివాడు వాడే. ప్రియదర్శిని జనాన్ని వరస పెట్టి లోపలికి నడిపించింది. ముందు లారీ డ్రైవరు పాలమూరు మనిషి. దిగి వచ్చి కర్రకు దండం పెట్టాడు.

“కప్పతల్లి పోయిన తొవ్వల మన్ను పొయ్యం పెద్దయ్యా” అని లారీ వెనక్కి తిప్పాడు. వాడి వెనకవాళ్లూ తిప్పారు. అజయ్ ఫోన్‌లో మేనేజరు అరుస్తున్నాడు. వాడు ఫోన్‌ను చెవికి దూరంగా పట్టుకొని కుంట వైపు చూస్తున్నాడు.

తోకకప్పలకు వెనక కాళ్లు వచ్చాయి. ముందువి రావాలి. అందరికీ చూపించాను.

వాన పడలేదు. అడగకు.

సాయిలు


ఎర్రగుంటపల్లి,
సెప్టెంబరు

అన్నా,

అజయ్‌ను సూపర్‌వైజర్ పని నుంచి తీసేశారు. బాచుపల్లిలో ఒక బడి గేటు దగ్గర మామూలు గార్డుగా వేశారు. వాడే వచ్చి చెప్పాడు. నవ్వుతూ చెప్పాడు. ఎందుకు నవ్వుతున్నావురా అంటే, “మామ నెత్తి మీద బకెట్ గుమ్మరిచ్చిన అమ్మా” అన్నాడు.

నేను నవ్వలేదు. వాడు ఏళ్ల తరబడి ఎక్కిన మెట్టు నీ వల్ల ఒక్కరోజులో దిగాడు. మరి నీ కుంట నిలిచిందా? అది రాయలేదు నువ్వు. నిలవకపోతే నా కొడుకు ఊరికే దిగినట్టు. అప్పుడు నీకు నా గడప లేదు. నిలిస్తే మాత్రం ఇంటికి రా. ఇక చాలు.

మల్లమ్మ


బోరబండ,
అక్టోబరు

చెల్లె,

నిలిచింది. ఇప్పటికి నిలిచింది.

కనకలక్ష్మి గారు టవర్ల వాళ్లందరినీ పోగుచేసుకొని చెరువుల ఆఫీసుకు పోయింది. ఆమె నోటి ముందు నా నోరు ఎంత? సర్వే వాళ్లు వచ్చి కొలిచారు. కొలతలు తేలేదాకా తట్టెడు మట్టి కూడా పోయవద్దని కంపెనీకి చెప్పిపోయారు. తేలాక ఏమవుతుందో తెలియదు. ఊరికే దిగాడా అని అడిగావు. మొన్న కుంట ఒడ్డున వేలి గోరంత కప్పలు గడ్డిలోకి ఎగురుతూ పోయాయి. తోకలు లేవు, నాలుగు కాళ్లూ ఉన్నాయి. అజయ్‌కు చెప్పు.

పార్థసారథి మళ్లీ వచ్చాడు. ఈసారి కారు దిగాడు.

“సాయిలూ, నీ పని నీకిస్తాను, గదీ ఇస్తాను. సర్వే తేలేదాకా ఆ గేటు మాత్రం మూసి ఉంచు.”

“పని మా అల్లునికియ్యి సారూ, వానిది వానికి. గేటు మూసుడు మాత్రం మా ఇంట్ల ఎవ్వరి తోని కాదు.”

“అయితే కుదరదు.”

“కుదరకుంటే శనారం మళ్ల వస్తం.”

వచ్చాం కూడా. కొత్త గార్డు నారాయణపేట అతను. తాళం తీస్తాడు, టార్చి పట్టుకొని వరసలో చివరన నడుస్తాడు. వాడిని తీసేస్తే ఇంకొకడు వస్తాడు. వాడిదీ మన జిల్లాల్లో ఏదో ఒకటే అవుతుంది, వాడి ఇంటి ముందు కూడా ఎప్పుడో ఒకప్పుడు కప్పతల్లి ఆగే ఉంటుంది.

నేను ఇంటికి రాను. రమ్మని రాయకు. నాకు శనివారాలు ఖాళీ లేదు. నువ్వే రా. అజయ్‌ను కూడా వెంట తీసుకొని రా. వాడితో నాకు మాటలున్నాయి, అవి కాగితం మీద రాసేవి కావు.

వచ్చేటప్పుడు వాడి పాత బూట్లు వేసుకో, గడ్డిలో పురుగూ పుట్రా ఉంటాయి. టార్చి నేల మీదికే కొట్టు. పిల్లకప్పలు దారిలోనే కూర్చుంటాయి, చూసి అడుగు వెయ్యి. నా వెనకే నడువు, ముందుకు పోకు. నన్ను తిట్టాలని నీకు ఉంటుంది, తెలుసు. కుంట దగ్గర మాత్రం నోరు మెదపకు. గేటు బయటికి వచ్చాక ఎంత తిడతావో తిట్టు. నిలబడి వింటాను.

నీ అన్న,
సాయిలు